పూలు కట్టని ఏడు

ఆ ఏడు జూన్ రెండో వారంలో ముప్ఫై ఒక్క పశువుల్ని తోలుకుని కొండెక్కాం, జెంజీ పెద్దమ్మా నేనూ. ఎక్కింది ఇద్దరం. సెప్టెంబర్లో దిగింది నేనొక్కదాన్నే.

పెద్దమ్మ అన్నానని వరస కలపకండి. మా ఇద్దరికీ ఏ చుట్టరికమూ లేదు. ఆవిడ పదహారో ఏట మోస్నర్ వాళ్ళింటికి పాలు పితకడానికి వచ్చి, డెబ్భై తొమ్మిదో ఏటి దాకా అక్కడే ఉండిపోయింది. నేను అప్పటికి పంతొమ్మిది వేసవుల కిందట, మొగుడు పోయి, ముందూ వెనకా ఎవరూ లేక, పేపర్లో ప్రకటన చూసి పక్క లోయ నుంచి వచ్చాను. చలికాలమంతా పట్నంలో హోటల్ గదులు తుడిచేదాన్ని. మంచు కరగ్గానే మోస్నర్ వాళ్ళ ఆల్మ్‌కి చేరేదాన్ని. ఆల్మ్ అంటే ఏమీ లేదు, కొండమీద వేసవి మేత. ఒక కొట్టం, చీజ్ చేసే గది, వంటిల్లు, దానిపైన ఇద్దరు పడుకునే చెక్క అటక. ఆ అటక మీద మూడడుగుల దూరంలో పంతొమ్మిది వేసవులు ఆవిడ గురక విన్నాను. నా మొగుడి గురక కూడా అన్నేళ్ళు వినలేదు.

ఒకప్పుడు అంత ఎత్తుకి ఆవులూ వాటి వెనక మనుషులూ తప్ప ఎవరూ వచ్చేవాళ్ళు కాదట. నేనొచ్చేనాటికే కేబుల్ కారు వచ్చేసింది. తర్వాత మా ఆల్మ్ దాకా పిల్లల బాట వేశారు. దారి పొడవునా ఏడు చెక్క మార్మోట్లు, కొండల్లో బొరియల్లో ఉండే లావుపాటి ఉడతల్లాంటివి, ఒక్కోదాని దగ్గర ఒక్కో ముద్ర. పిల్లలు చిన్న పుస్తకం పట్టుకుని ముద్రలు కొట్టుకుంటూ వస్తారు. ఏడో ముద్ర మా గుమ్మంలో. ఏడూ నిండితే గ్లాసు మజ్జిగ ఉచితం. తల్లిదండ్రులు రై రొట్టె, చీజ్, చిదిపిన తీపి అట్టు తింటారు, పిల్లలు మేకల వెంట పడతారు, తాతలు మోకాళ్ళు పట్టుకుని కూర్చుంటారు. వర్షం లేని రోజున మూడొందలమందికి తక్కువుండరు. ఊపిరి సలపనిచ్చేవాళ్ళు కాదు.

వాళ్ళు చూడ్డానికి వచ్చేవాటిలో పెద్దమ్మ కూడా ఒకటి. లోయ మొత్తానికి అచ్చేసిన పోస్టరు మీద ఆవిడ బొమ్మే ఉంటుంది. నీలం ఏప్రాన్, తలకి గుడ్డ, రెండు పళ్ళ నవ్వు. కిందినుంచి వచ్చిన కుటుంబాలు పోస్టరు చూసి, ఆవిణ్ణి చూసి, "ఈవిడే, ఈవిడే" అని చెవులు కొరుక్కునేవి. గుమ్మం పక్క బల్ల మీద ఆవిణ్ణి మధ్యలో కూర్చోబెట్టి, అటో పిల్లా ఇటో పిల్లాడూ, ఫోటో. ఆవిడ కాదనేది కాదు. లోపలికొచ్చి నన్ను మోచేత్తో పొడిచేది.

"ఎనిమిదో మార్మోట్‌ని నేనేనే. నాక్కూడా ఓ ముద్ర చేయించమని చెప్పు హార్ట్‌విగ్‌తో."

హార్ట్‌విగ్ మోస్నర్ అంటే ఇంటి యజమాని. ఊళ్ళో ఆయన మాటకి ఎదురుండదు, పెద్దమ్మకి మాత్రం ఆయన ఇంకా ముక్కు తుడవాల్సిన కుర్రాడే. తల్లి మంచం పట్టినప్పుడు ఆయన్ని చంకనేసుకుని పెంచింది ఈవిడ. అందరం మీరు అంటే ఈవిడొక్కతే "ఒరే" అనేది, ఆయనా పలికేవాడు.

నాలుగున్నరకి ఆఖరి కేబుల్ కారు. అది దిగిపోయాక కొండ మీద మేమిద్దరం, ఆవులు. అంతమంది పిల్లల అరుపుల తర్వాత వచ్చే ఆ నిశ్శబ్దం నాకు ఎన్నేళ్ళైనా అలవాటు కాలేదు. అందరూ ఎవరివాళ్ళని వాళ్ళు చెయ్యి పట్టుకుని తీసుకుపోయేవాళ్ళు. మిగిలిన రెండు గ్లాసుల్లా మేం ఉండేవాళ్ళం. అప్పుడు పెద్దమ్మ పొయ్యి దగ్గర కూర్చుని రంగు కాగితంతో పూలు చేసేది. సెప్టెంబర్లో పశువుల్ని ఊళ్ళోకి దింపే రోజున వాటి తలలకి కిరీటాలు కట్టాలి కదా, వాటికి. ముందు నడిచే ఆవుకి దేవదారు కొమ్మలు, అద్దం, శిలువ, గజం ఎత్తు పూలు. ఆ దిగుడు చూడ్డానికే ఇప్పుడు దేశదేశాల నుంచి కుటుంబాలొస్తున్నాయి. ఊళ్ళో డేరాలు, బ్యాండు, పిల్లలకి కొమ్ముల టోపీలు.

కానీ పూలకో కట్టుబాటుంది. పైన ఒక్క పశువు పోయినా, ఇంట్లో ఒక్క మనిషి పోయినా ఆ ఏడు పూలు కట్టరు. ఆవుల మెడగంటల్లో గడ్డి కుక్కి, చప్పుడు లేకుండా దింపుతారు. ఊళ్ళో మగాళ్ళు టోపీలు తీస్తారు. ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు. పెద్దమ్మ అరవై మూడు వేసవుల్లో నాలుగుసార్లు అలా దించింది. రెండుసార్లు పిడుగుకి ఆవులు పోయి, ఒకసారి హార్ట్‌విగ్ వాళ్ళ నాన్న పోయి, ఇంకోసారి ఆ ఇంట్లో మూడు వారాల పసిబిడ్డ పోయి.

"మూడు వారాల పిల్లకి కూడా ముప్ఫై ఆవులు మొహం దించుకుని నడిచాయే" అంది ఒకరోజు, పువ్వు రేకులు నొక్కుతూ. "ఇంటి మనిషంటే అదీ."

జులై ఆఖరి ఆదివారం పిల్లల పండగ పెట్టారు. నాలుగొందలమంది. పొద్దున పాలు పితికేటప్పుడే పెద్దమ్మ ఎడమ చెయ్యి దులుపుకుంటూ, తిమ్మిరెక్కిందే, పట్టు చిక్కడం లేదు అంది. నేను అట్ల పిండి కలుపుతున్నాను. వెళ్ళి బల్ల మీద కూర్చో, ఇక్కడ నేను చూసుకుంటా, నువ్వక్కడ కూర్చుంటే ఫోటోల వాళ్ళైనా నా కాళ్ళకి అడ్డం పడకుండా ఉంటారు అన్నాను. నవ్వుతూనే అన్నాను.

వంటింటి కిటికీలోంచి బల్ల కనిపిస్తుంది. పెనం మీంచి తలెత్తినప్పుడల్లా చూస్తూనే ఉన్నాను. మైదానాల వైపు నుంచి వచ్చిన ఒక కుటుంబం, ఇద్దరాడపిల్లలు, అటొకతె ఇటొకతె. తండ్రి వంగి, మోకాలి మీద కూర్చుని తీశాడు. వాళ్ళు లేచారు, ఇంకో కుటుంబం కూర్చుంది. తర్వాత ఇంకోటి. నాలుగోసారి చూసేసరికి పెద్దమ్మ తల ఒక చిన్నపిల్ల భుజం మీద వాలి ఉంది. ముసల్దానికి వేషాలెక్కువయ్యాయి అనుకున్నాను. దేవుడి సాక్షిగా అదే అనుకున్నాను. అట్టు తిరగేశాను.

కాసేపటికి ఒకావిడ ఖాళీ గ్లాసు ఇస్తూ, మీ అమ్మమ్మగారు నిద్రపోయినట్టున్నారు, ఎంత ముద్దుగా ఉన్నారో అంది.

నేను వెళ్ళేసరికి పెద్దమ్మ కళ్ళు తెరిచే ఉన్నాయి. నోరు ఒక పక్కకి జారింది. నన్ను చూసి ఏదో చెప్పబోయింది, మాట రాలేదు. చుట్టూ పిల్లలు ముద్రల పుస్తకాలు పట్టుకుని వరసలో నిలబడి ఉన్నారు. కేబుల్ కారు మనుషులు స్ట్రెచర్ తెచ్చి దింపారు. పాలు పితికే వేళ ముంచుకొస్తోంది, నేను వెంట వెళ్ళలేకపోయాను. ఆవులకి ఆదివారం ఉండదు, చావూ ఉండదు. ఆ ఫోటోలు ఇప్పటికీ ఎవరెవరి ఇళ్ళలోనో ఉండే ఉంటాయి. పిల్లలు పెద్దవాళ్ళై, కొండ మీద అవ్వతో మేం అని చూపించుకుంటూ ఉంటారు. వాళ్ళ తప్పేం లేదు. చూడాల్సినదాన్ని నేను.

తొమ్మిదో రోజున హార్ట్‌విగ్ భార్య గెర్లిండ్ ఫోన్ చేసింది. తెల్లవారుజామున ఆస్పత్రిలో నిద్రలోనే పోయిందట.

అంత్యక్రియలు గురువారం పదింటికి. మూడింటికి లేచి పాలు పితికి, మొదటి కేబుల్ కారులో దిగాను. చర్చిలో మొదటి బెంచీ పోయినవాళ్ళ అయినవాళ్ళకి. హార్ట్‌విగ్ కుటుంబం వచ్చి రెండో బెంచీలో కూర్చుంది. గెర్లిండ్, ఇద్దరు కూతుళ్ళు, అల్లుళ్ళు, అందరూ నల్లబట్టల్లో, పద్ధతిగా. మొదటి బెంచీ ఖాళీగా ఉంది. ఫాదర్ ప్రసంగం చెబుతున్నంతసేపూ నేను ఆ ఖాళీ చెక్కనే చూస్తూ కూర్చున్నాను, వెనకనుంచి మూడో వరసలో. వెళ్ళి కూర్చోవాలనిపించింది. నువ్వెవరివని ఎవరూ అడిగేవాళ్ళు కాదు. అయినా కాళ్ళు రాలేదు.

పూడ్చింది ప్రహరీ గోడ పక్కన, ఒంటరి మనుషులకి ఉంచిన వరసలో. మోస్నర్ వాళ్ళ సమాధి నట్టనడుమ ఉంది, ఇనుప శిలువతో, నాలుగు తరాల పేర్లతో. గోడ పక్కన తాత్కాలికంగా చెక్క శిలువ పాతారు. వచ్చినవాళ్ళకి గుర్తుగా పంచిన కార్డు మీద పోస్టరు బొమ్మే వేశారు. కింద, మోస్నర్ ఇంట అరవై మూడేళ్ళు నమ్మకంగా సేవ చేసినది అని. సేవ అన్న మాట దగ్గర నా కళ్ళు ఆగిపోయాయి. మధ్యాహ్నానికి మళ్ళీ కొండమీద ఉన్నాను, మజ్జిగ పోస్తూ. పోస్టరులో అవ్వ ఏరీ అని ఆ రోజు ఆరుగురు అడిగారు.

ఆగస్టంతా ఒక్కదాన్నే చేశాను. పగలు సరే, జనం. నాలుగున్నర తర్వాతే నా వల్ల కాలేదు. పొయ్యి ముందు రెండు ముక్కాలిపీటలుంటే ఒకటి అటకెక్కించేశాను. ఆవులతో మాట్లాడటం మొదలుపెట్టాను. ఒకరోజు ఎవరో చిన్నపిల్ల మర్చిపోయిన స్వెట్టరు మేకల దొడ్లో దొరికితే, దాని కోసం ఎవరైనా తిరిగొస్తారేమోనని మూడు రోజులు ఎదురుచూశాను. నవ్వకండి. అంత ఒంటరిగా ఉన్నాను.

సెప్టెంబర్ మొదటి వారంలో హార్ట్‌విగ్ పైకొచ్చాడు, రెండు అట్టపెట్టెలతో. విప్పితే పూలు. దుకాణంలో కొన్న సిల్కు పూలు, రిబ్బన్లు, కొత్త అద్దం. నువ్వొక్కదానివీ చెయ్యలేవని రెడీగా ఉన్నవే తెచ్చానన్నాడు. నా మంచి కోరే తెచ్చాడు, ఆ సంగతి నాకు తెలుసు.

"ఈ ఏడు పూలేమిటి హార్ట్‌విగ్ గారూ?" అన్నాను. "ఇంట్లో మనిషి పోయింది కదా."

ఆయన టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. పెద్దమ్మ కూర్చునే బల్ల.

"జెంజీ నన్ను ఎత్తుకు పెంచింది బుర్గీ. కాదన్నానా? ఆస్పత్రికి రోజూ వెళ్ళాను. సమాధి ఖర్చు, భోజనాలు, ఏం తక్కువ చేశాను చెప్పు. కానీ ఆ కట్టుబాటు ఇంటివాళ్ళకీ, గొడ్లకీ. పనివాళ్ళకి ఎవరూ చెయ్యరు. మా నాన్న చెయ్యలేదు, తాత చెయ్యలేదు."

"గొడ్లకి చేస్తారు" అన్నాను.

ఆయన మొహం ఎర్రబడింది. అయినా నెమ్మదిగానే చెప్పుకొచ్చాడు. పద్నాలుగు బస్సులొస్తున్నాయట. పిల్లలున్న కుటుంబాలు ఏడాది ముందే గదులు మాట్లాడుకున్నాయట. మిగతా రెండు ఆల్మ్‌ల వాళ్ళకి ఈ ఏడు గొడ్లు పోయి పూలు లేవట, మా మందకి కూడా లేకపోతే ఊళ్ళో పండగే లేదట. టూరిజం సంఘం కార్యదర్శి రోజూ ఫోన్ చేస్తోందట. చిన్నపిల్లలు అంతదూరం నుంచి వచ్చి ఉత్త తలలు చూసి పోవాలా అన్నాడు. ఆ మాటలో అబద్ధం లేదు. నేను ఆ పిల్లలకి రోజూ మజ్జిగ పోసినదాన్నే.

నాకు ఒక్కటే అడగాలనిపించింది. అడిగేశాను.

"ఈ వేసవి పెద్దమ్మ బదులు నేను పోయి ఉంటేనో?"

"నువ్వెందుకు పోతావు, గుండ్రాయిలా ఉన్నావు" అని నవ్వబోయాడు.

నేను నవ్వలేదు. ఆయన మొహంలోకే చూస్తూ ఉన్నాను. ఆయన కంచె వైపు చూశాడు, అక్కడ ఒక ఆవు దురద తీర్చుకుంటోంది. ఆ స్తంభం వదులైంది, కొట్టించాలి అన్నాడు. తర్వాత రెండో పెట్టె ఎత్తి లోపల పెట్టి, టోపీ పెట్టుకుని, నాలుగున్నర కారుకి దిగిపోయాడు.

దిగుడు శనివారం. తెల్లవారి అయిదింటికి, అనుకున్న ప్రకారం, అవతలి ఆల్మ్ కాపరి కాసియన్ తన చెల్లెలి కొడుకుని వెంటబెట్టుకుని సాయానికి వచ్చాడు. కాసియన్‌కి అరవై దాటాయి, రోజుకి పది మాటలకి మించి మాట్లాడడు. అప్పటికి నేను కొట్టంలో కూర్చుని గంటల్లో గడ్డి కుక్కుతున్నాను. అట్టపెట్టెలు మూతలు వేసి గుమ్మం పక్కనే ఉన్నాయి.

అతను పెట్టెల వంక చూశాడు, నా చేతుల వంక చూశాడు.

"జెంజీకా?"

"ఊఁ."

"హార్ట్‌విగ్‌కి తెలుసా?"

"తెలుస్తుంది."

టోపీ తీసి మేకుకి తగిలించాడు. ఇంకో గంట అందుకుని, గడ్డి తుంచడం మొదలుపెట్టాడు. ఆ పొద్దున నాకు తోడంటే అదొక్కటే, ఇప్పటికీ ఆ ముసలాణ్ణి తలుచుకుంటే మనసు నిండుతుంది.

ముప్ఫై ఒక్క పశువులు చప్పుడు లేకుండా కొండ దిగడం మీరెప్పుడూ విని ఉండరు. గిట్టలూ, ఊపిర్లూ, అంతే. ముందు నడిచే ఆవు లోర్లి, పదకొండేళ్ళది, ప్రతి ఏడూ కిరీటం మోసినది. అది మాటిమాటికీ తల విదిల్చి, బరువు లేదేమిటన్నట్టు నా వైపు తిరిగేది. భయం వేసింది, దాచను. ఆవులు నావి కావు, కొట్టం నాది కాదు, ఆఖరికి నా చేతిలో కర్ర కూడా మోస్నర్ వాళ్ళదే.

సగం దారిలో మొదటి కుటుంబాలు ఎదురయ్యాయి. కాగితపు కొమ్ముల టోపీలు పెట్టుకున్న పిల్లలు, భుజాల మీద చంటివాళ్ళని ఎత్తుకున్న తండ్రులు. అందరూ ఫోన్లు ఎత్తారు. కొందరు దించేశారు. ఇది రిహార్సలా అని ఒకాయన అడిగాడు. కింద ఊళ్ళో అలంకారం చేస్తారేమో అని ఇంకొకావిడ పిల్లకి సర్దిచెప్పింది. ఆ పిల్ల, ఏడేళ్ళుంటాయేమో, నా పక్కనే నాలుగడుగులు నడిచింది.

"వీటి గంటలు ఎందుకు మోగట్లేదండీ?"

"మా పెద్దమ్మ పోయింది తల్లీ" అన్నాను. మా పెద్దమ్మ అని ఎవరితోనైనా పైకి అనడం అదే మొదటిసారి.

ఊరి మొదట్లో బ్యాండు వాళ్ళు వాయించడం మొదలుపెట్టి, లోర్లి ఉత్త తల కనిపించగానే మధ్యలో ఆపేశారు. బాకా ఊదేవాడొకడు చూసుకోక ఇంకా రెండు స్వరాలు ఊదాడు. వడ్రంగి టోపీ తీశాడు. రొట్టెల కొట్టాయన తీశాడు. పాల సంఘం ముసలాళ్ళు వరసగా తీశారు. వచ్చిన జనానికి ఏమీ అర్థం కాకపోయినా, ఒకళ్ళని చూసి ఒకళ్ళు, వాళ్ళూ తీశారు. కొమ్ముల టోపీలు కూడా కొన్ని దిగాయి. అన్ని వందలమంది ఉన్న వీధిలో పసిపిల్ల ఏడుపొక్కటే వినిపించింది.

పూల తోరణం కింద హార్ట్‌విగ్ నిలబడి ఉన్నాడు, కార్యదర్శి పక్కన. ఆవిడ మైకులో, ఇదిగో వస్తోంది మోస్నర్ వారి మంద అని మొదలుపెట్టి ఆగిపోయింది. పక్కనున్న రైతు ఆయన భుజం మీద చెయ్యేసి, ఎవరు పోయారు హార్ట్‌విగ్ అన్నాడు. అతను పొరుగూరివాడు, నిజంగానే తెలియక అడిగాడు.

హార్ట్‌విగ్ నా వైపు చూశాడు. ఆ చూపు నేను ఇప్పటికీ మోస్తున్నాను. తర్వాత టోపీ తీశాడు.

"మా జెంజీ" అన్నాడు.

వచ్చి నా చేతిలోంచి లోర్లి తాడు తీసుకున్నాడు. యజమానే ముందు నడవాలి, అలాంటప్పుడు. నేను వెనక్కి వెళ్ళి దూడల్లో కలిశాను.

కొట్టంలో ఆఖరి పశువుని కట్టేశాక వచ్చాడు. గట్టిగా అరుస్తాడనుకున్నాను. అరిచి ఉంటే బాగుండేది.

"నువ్వు చేసింది తప్పని ఊళ్ళో ఒక్కడూ అనడు. నేనూ అనను. కానీ నా గొడ్లని, నన్నడక్కుండా, ఊరందరి ముందూ" అని ఆగాడు. "వచ్చే వేసవికి వేరే మనిషిని చూసుకుంటాను బుర్గీ."

సరేనన్నాను. గెర్లిండ్ రొట్టె, పొగపెట్టిన పంది మాంసం మూట కట్టి ఇచ్చింది, కళ్ళలోకి చూడకుండా. అటక మీద నా సామానంతా ఒక సంచిలో పట్టింది.

మళ్ళీ ఆ ఊరెళ్ళింది నవంబర్ ఒకటిన, సమాధుల పండగకి. ఆ రోజు మధ్యాహ్నం రెండింటికి ప్రతి ఇంటివాళ్ళూ తమ తమ సమాధి దగ్గర నిలబడతారు. ఫాదర్ వరసల మధ్య నడుస్తూ పవిత్ర జలం చల్లుతాడు. ఎవరి చోటు వాళ్ళది. ఒక సమాధి వదిలి ఇంకోదాని దగ్గరికి ఎవరూ కదలరు. నేను గోడ పక్కకి వెళ్ళి పెద్దమ్మ చెక్క శిలువ ముందు నిలబడ్డాను. ఆ వరసలో నేను తప్ప ఎవరూ లేరు. సన్నగా మంచు పడుతోంది.

నడుమ ఇనుప శిలువ దగ్గర మోస్నర్ కుటుంబమంతా కనిపిస్తోంది. ఫాదర్ వాళ్ళ మీద నీళ్ళు చల్లి ముందుకి వెళ్ళాడు. అప్పుడు హార్ట్‌విగ్ గెర్లిండ్‌తో ఏదో అన్నాడు. ఆయన కదిలాడు, వెనక ఆవిడ, కూతుళ్ళు, అల్లుళ్ళు. వరసలు దాటుకుంటూ, జనమంతా తలలు తిప్పి చూస్తుండగా, గోడ దగ్గరికి వచ్చి పెద్దమ్మ చుట్టూ నిలబడ్డారు. గెర్లిండ్ దీపం పెట్టింది. ఫాదర్ వచ్చేసరికి ప్రార్థన హార్ట్‌విగ్ చెప్పాడు, పైకి, మా ఇంటి జెంజీ కోసం అని. నాకు ఏడుపు ఆగలేదు. అరవై మూడేళ్ళకి ఆవిణ్ణి ఇంటి మనిషన్నారు. ఆవిడ చెవిలో నోరు పెట్టి చెప్పాలనిపించింది, విన్నావా పెద్దమ్మా అని.

ప్రార్థన అయిపోయింది. పోయినవాళ్ళ తరఫువాళ్ళు, బయటినుంచి వచ్చినవాళ్ళకి చెయ్యి కలిపి రెండు ముక్కలు మాట్లాడటం అక్కడి మర్యాద. హార్ట్‌విగ్ నా వైపు తిరిగాడు. చేతి తొడుగు తీసి, నా చెయ్యి పట్టుకున్నాడు.

"అంత దూరం నుంచి వచ్చావు. చాలా సంతోషం బుర్గీ."

తర్వాత గెర్లిండ్, తర్వాత కూతుళ్ళు, అల్లుళ్ళు. ఒక్కొక్కళ్ళే చెయ్యి కలిపి, వచ్చినందుకు సంతోషం అన్నారు. మనస్ఫూర్తిగానే అన్నారు. ఆ తర్వాత అందరూ కలిసి ఇంటికి బయల్దేరారు, కాఫీకి, జడ అల్లిన తీపి రొట్టెకి. ఆ రోజు ప్రతి ఇంట్లోనూ అదే.

నా బస్సు అయిదింటికి.